వరద ఎక్కడ మొదలవుతుంది?



వరద వచ్చిందంటే మన కళ్లన్నీ అది చేరిన చోటనే ఉంటాయి. మునిగిన ఇండ్లు, పడవల మీద పాల ప్యాకెట్లు, డాబాల మీద నిలబడి చేతులు ఊపే జనం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మనం చూసినది అదే. అన్నం పొట్లాలు కట్టినవారు, దుప్పట్లు పోగుచేసి పంపినవారు మన పాఠకుల్లోనూ ఎందరో ఉండి ఉంటారు. అది ప్రేమ కార్యమే, సందేహం లేదు. అయితే ఈ వారం పాఠం వరద చేరిన చోటు గురించి కాదు. అది బయలుదేరిన చోటు గురించి. ఎగువన కొండ వాలులో, ఎవరో రైతు చేనిలో, ఎవరూ పట్టించుకోని చిన్న వాగులో దానిని కొంతసేపు ఆపవచ్చా అన్నది ప్రశ్న.

మొదట ఒక చిన్న లెక్క. గుణదల మాత ఉత్సవాలకు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది యాత్రికులు వస్తారు. కొందరు తెల్లవారుజామున, కొందరు మధ్యాహ్నం, కొందరు మరునాడు తిరుగు ప్రయాణం కడితే దారి వారికి చాలుతుంది. అంతమందీ ఒకే పూజ ముగిసిన అరగంటలో ఒకే ద్వారం నుంచి బయటకు రావాలంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. జనం సంఖ్య మారలేదు. బయటకు వచ్చే సమయం మాత్రమే మారింది. వరద కూడా ఇటువంటిదే. ఆకాశం నుంచి పడే నీటిని మనం తగ్గించలేము. కాని ఆ నీరంతా ఒకే గంటలో వంతెన కిందికి చేరాలా, లేక పది గంటల్లో చేరాలా అన్నది నేల మీద ఆధారపడి ఉంటుంది. కొండకు చెట్టు ఉంటే, చేనుకు గట్టు ఉంటే, వాగుకు మలుపు ఉంటే, ఊరికి కుంట ఉంటే నీరు తడబడుతూ, నిలబడుతూ, ఇంకుతూ వస్తుంది. ఈ నాలుగూ తీసివేస్తే పరుగెత్తి వస్తుంది. పోయినవాటిని తిరిగి నేలకు ఇచ్చి వరద ఉద్ధృతిని తగ్గించడాన్ని ఇంగ్లండులో సహజ వరద నివారణ అని పిలుస్తున్నారు. పేరు కొత్తదే గాని పని పాతది.

పికరింగ్ అనే చిన్న పట్టణం

ఇంగ్లండులోని ఉత్తర యార్క్ షైర్ లో పికరింగ్ అనే సంత పట్టణం ఉంది. ఎగువన పొదలు కప్పిన బీడు కొండలు, వాటి నుంచి దిగి వచ్చే వాగు. ఆ ప్రాంతపు మాటలో వాగును బెక్ అంటారు, దాని పేరు పికరింగ్ బెక్. ఈ వాగు 1999, 2000, 2002, 2007 సంవత్సరాల్లో పట్టణాన్ని ముంచింది. 2007 నాటి నష్టం సుమారు 70 లక్షల పౌండ్లని లెక్క తేల్చారు. వాగుకు ఇరువైపులా గోడ కడదామంటే 2 కోట్ల పౌండ్లు అవుతుందన్నారు. అన్ని కోట్లు పెట్టడానికి అక్కడ కాపాడవలసిన ఇండ్లు సరిపోవని ప్రభుత్వ లెక్క. పెద్ద నగరానికి గోడ వస్తుంది, చిన్న ఊరికి రాదు. ఈ అంకగణితం మనకు కొత్త కాదు.

అప్పుడు జరిగిన సంగతి గమనించదగినది. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కొందరు వచ్చి ఆ ఊరివారితో కలిసి కూర్చున్నారు. ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోలేదు. వాగు ఎక్కడ మొదట ఒడ్డు దాటుతుంది, ఏ వంతెన దగ్గర చెత్త అడ్డుపడుతుంది, ఎగువన వాన పడిన ఎన్ని గంటలకు నీరు ఊరు చేరుతుంది అన్నవి అక్కడివారికి తెలిసిన విషయాలు. వాటిని పక్కన పెట్టుకుని లెక్కలు కట్టారు. ఒక పెద్ద గోడకు బదులు ఎగువన అనేక చిన్న అడ్డంకులు పెడితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన ఆ బల్ల చుట్టూ పెరిగింది. 2007 వరదలపై సర్ మైకేల్ పిట్ 2008లో ఇచ్చిన నివేదిక కూడా ప్రకృతి గతితో కలిసి పనిచేయాలని సూచించింది. 2009లో, నీటి నడక నెమ్మది చేయడమే పేరుగా పెట్టుకుని, అటవీ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో పని మొదలైంది.

ఏం చేశారు? అడవిలోని చిన్న వాగులకు అడ్డంగా చెట్టు దుంగలు పేర్చారు. ఇటువంటివి 167. వీటి కిటుకు ఏమంటే ఇవి ఆనకట్టలు కావు. మామూలు రోజుల్లో నీరు, చేపలు దుంగల కింద నుంచి స్వేచ్ఛగా పోతాయి. వాగు ఉబ్బినప్పుడు మాత్రమే నీరు దుంగలకు తగిలి, వెనుకకు తన్ని, ఒడ్డు ఎక్కి అడవిలో పరుచుకుంటుంది. అడవికి దానివల్ల నష్టం లేదు. పై బీడు నేలల్లో పూర్వం తవ్విన మురుగు కాలువలను హీథర్ అనే పొద మోపులతో 187 చోట్ల అడ్డగించారు. వాగు ఒడ్డున 29 హెక్టార్లలో చెట్లు నాటారు. చివరగా పట్టణానికి కాస్త ఎగువన ఒక మట్టికట్ట కట్టారు. 1,20,000 ఘనపు మీటర్ల నీటిని, అంటే 12 కోట్ల లీటర్లను, అది వరద సమయంలో పట్టి ఉంచగలదు.

2015 క్రిస్మస్ మరునాడు, పునీత స్తెఫాను పండుగ రోజున, ఉత్తర ఇంగ్లండులో పెద్ద వరద వచ్చింది. యార్క్, లీడ్స్ నగరాలు నీట మునిగాయి. పికరింగ్ పై 36 గంటల్లో 50 మిల్లీమీటర్ల వాన పడింది. పట్టణం మునగలేదు. తరువాత లెక్క చూసినవారు, ఈ పనుల వల్ల వాగు గరిష్ఠ ప్రవాహం 15 నుంచి 20 శాతం తగ్గిందని తేల్చారు. అందులో సుమారు సగం మట్టికట్ట చలవ, సగం పైనున్న దుంగలు, మోపులు, చెట్ల చలవ. 20 శాతమేనా అనుకోవద్దు. నీరు గడప దాటడానికీ, గడప కింద ఆగడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

ఈ సందర్భంలో నిజాయితీగా మరొక మాట. ఆ రోజు పికరింగ్ మీద పడిన వాన యార్క్ షైర్ పడమటి కొండల మీద పడినంత కాదు. కాబట్టి "దుంగలు యార్క్ నగరాన్ని కూడా కాపాడి ఉండేవి" అని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు.

నేల కింద జరిగేది

వేల్స్ దేశం నడిమి కొండల్లో పాంట్‌బ్రెన్ అనే చోట మరొక పాఠం దొరికింది. ఇక్కడ ప్రభుత్వం కాదు, గొర్రెల రైతులే మొదలుపెట్టారు. 1997లో ముగ్గురు, తరువాత పదిమంది. వారి ఉద్దేశం వరద ఆపడం కానే కాదు. చలిగాలి నుంచి గొర్రెలకు చాటు కావాలి, కంచె కావాలి, కొట్టంలో పరచడానికి కొయ్య పొట్టు కావాలి. అందుకని పొలాల అంచుల వెంట వరసలుగా చెట్లు నాటారు, కాలక్రమాన లక్షా 20 వేలకు పైగా. వాన పడినప్పుడు పచ్చిక మీద పడిన నీరు జారిపోతూ, చెట్ల వరస చేరగానే మాయమవుతున్నదని రైతులే గమనించి చెప్పారు. పరిశోధకులు వచ్చి కొలిచారు. గొర్రెలు తొక్కి తొక్కి గట్టిపడిన పచ్చిక నేలకన్న, దాని పక్కనే నాటిన చెట్ల కింద నీరు 60 రెట్లు వేగంగా ఇంకుతున్నదని తేలింది. ఆ చెట్లు నాటి అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది.

కారణం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. గేదెలు తిరిగే దారిలో వాన నీరు ఇంకదు, మడుగు కడుతుంది. ట్రాక్టరు చక్రం తొక్కిన చాలులో ఇంకదు. చెట్టు కింద, వానపాము తొలిచిన నేలలో ఇంకుతుంది. వేరు దిగిన ప్రతి చోటా నీటికి దారి పడుతుంది. నేల ఎంత గుల్లగా ఉంటే అది అంత పెద్ద చెరువు, కట్ట లేని చెరువు.

మన దేశంలో ఇదే పనికి మరొక పేరు ఉంది, వాటర్‌షెడ్. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ ప్రాంతంలో (ఇప్పుడు అహిల్యానగర్) స్విట్జర్లాండు నుంచి వచ్చిన యేసుసభ గురువు హెర్మన్ బాకర్ స్వామివారు దశాబ్దాల పాటు కరవు పల్లెల్లో ఈ పని చేయించారు. క్రిస్పినో లోబో గారితో కలిసి 1993లో దీనికొక సంస్థనే స్థాపించారు. వారి పద్ధతి శిఖరం నుంచి లోయకు. మొదట కొండ నెత్తిన సమతల కందకాలు, చెట్లు. తరువాత పొలం గట్లు. చివరగా వాగులో చెక్ డ్యామ్. ఈ వరస తలకిందులైతే, అనగా కొండను వదిలేసి వాగులో డ్యామ్ మొదట కడితే, రెండు వానలకే అది పూడిపోతుంది. మన తెలుగువారైన ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారి సంఘం 1994లో ఇచ్చిన నివేదికతో ఈ పనులకు దేశమంతటా ఒకే మార్గదర్శక సూత్రాలు ఏర్పడ్డాయి. వారందరూ వెతికినది కరవుకు మందు. కాని కరవు మందూ వరద మందూ ఒకే సీసాలో ఉన్నాయి. ఇంకిన నీరు వేసవిలో బావికి వస్తుంది, ఇంకని నీరు వానాకాలంలో ఇంటికి వస్తుంది.

దీనికి గల హద్దులు

మంచి మందును అన్ని రోగాలకూ వాడితే మందుకే చెడ్డపేరు వస్తుంది. గనుక హద్దులు చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బరాజు వద్ద కృష్ణలో 11 లక్షల 40 వేల క్యూసెక్కుల పైచిలుకు ప్రవాహం నమోదైంది. ఆ లెక్కన ఒక పూట కాదు, ఒక రోజంతా పారితే సుమారు 98 టీఎంసీలు. పికరింగ్ మట్టికట్ట పట్టి ఉంచేది ఒక టీఎంసీలో 200వ వంతు కూడా కాదు. మహానదుల వరదను దుంగలూ కందకాలూ ఆపవు. వాటికి జలాశయాలు, కరకట్టలు, ముందు హెచ్చరికలు, సమయానికి జనాన్ని తరలించడం కావలసిందే. ఈ పద్ధతి చిన్న వాగులకు, చిన్న పరీవాహక ప్రాంతాలకు, మధ్యస్థమైన వానలకు బాగా పనిచేస్తుంది. నేల ఇప్పటికే నానిపోయి ఉండి, దాని మీద వాయుగుండం తిష్ఠ వేసి ఒక రోజులో పాతిక, ముప్పై సెంటీమీటర్లు కుమ్మరిస్తే దాని బలం చాలా తగ్గుతుంది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. రెండు వాగులు కలిసే చోట, ఒకదాని ఉద్ధృతి ముందు వచ్చి వెళ్లిపోయాక రెండోది వస్తున్నదనుకోండి. తెలియక మొదటి వాగును మనం నెమ్మది చేస్తే రెండూ ఒకేసారి సంగమానికి చేరి దిగువ ఊరికి మునుపటికన్న ఎక్కువ కీడు చేయవచ్చు. అందుకే ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు వాగుకు అడ్డం వేయకూడదు, మొత్తం పరీవాహకాన్ని చూసినవారి సలహా తీసుకోవాలి. దుంగలు కొట్టుకుపోయి వంతెన కానాకు అడ్డుపడకుండా ఏటా చూసుకోవాలి. గోడ కట్టి తాళం వేసినట్టు ఇది ఒకసారితో ముగిసే పని కాదు.

మన చెరువు, మన బుడమేరు

ఇంగ్లండు వారు ఇప్పుడు నేర్చుకుంటున్నది మన పెద్దలకు తెలియదా? తెలుసు. కాకతీయుల కాలం నుంచి తెలుగు నేల మీద కట్టిన గొలుసుకట్టు చెరువులు ఏమిటి? పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, దాని అలుగు ఆ కింది చెరువుకు. ప్రతి చెరువూ వాన నీటిని కొంతసేపు ఆపి, కొంత ఇంకించి, మిగిలినది అలుగు మీదుగా నిదానంగా వదులుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు. అయితే పూడిక తీసినంత శ్రద్ధగా మనం అలుగు కాలువను చూడం. గొలుసులో ఒక లంకె తెగితే పై నీరంతా కింది కట్ట మీద పడుతుంది. 2024లో ఆ వానలకే మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగి, కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన చిత్రాలు చాలామంది చూసే ఉంటారు. చెరువును కాపాడుకుంటే రక్ష, వదిలేస్తే అదే ముప్పు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాత పేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి వరదను కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. 2024లో కృష్ణే నిండుగా ఉంది. మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి చేయి కలిపితేగాని అవి పూడలేదు. నగరంలో వాగు పాత దారి ఇండ్లతో, పూడికతో ఇరుకై ఉంది. ఇక అంతా కలిసి చేరవలసిన కొల్లేరు సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను కొల్లేరు తన ఒడిలో పరిచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదిలేది. దేవుడు ఇచ్చిన వరద తొట్టి అది. అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. తరువాత చాలా చోట్ల అవి మళ్లీ లేచాయి. ప్రతి గట్టూ నీటి దారికి ఒక అడ్డం. తొట్టి నిండా గోడలు కట్టి నీరు ఎందుకు పట్టలేదని అడుగుతున్నాం.

ఇక్కడ మన విశ్వాసం ఏమంటుంది?

వరద రాగానే నోవా కథ గుర్తుచేసి, అక్కడివారి పాపమే కారణమన్నట్టు మాట్లాడేవారు ఉన్నారు. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి చదవండి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించి క్రీస్తునాథుడు చెప్పినది ఈ ఆలోచనకు సూటి జవాబు. వారు ఇతరులకన్న పాపాత్ములు కారు. సింగ్ నగర్ వాసులు ఎక్కువ పాపం చేసినందుకు మునగలేదు, పల్లంలో ఉన్నందుకు మునిగారు. పల్లంలో ఎందుకున్నారంటే మిట్ట మీద స్థలం కొనే డబ్బు లేక. మన కతోలిక పేటలు కూడా ఎన్నో చోట్ల వాగు ఒడ్డునో చెరువు దిగువనో ఎందుకున్నాయో పెద్దలను అడిగితే చెబుతారు. ఊరు వారికి మిగిల్చిన జాగా అదే.

దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో భూమి ఆక్రందననూ పేదల ఆక్రందననూ విడదీయకుండా వినమని కోరారు. ఆ లేఖ చెప్పే సమష్టి శ్రేయస్సును వాగుకు అన్వయించి చూస్తే కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. దిగువవారి ఇంటిని కాపాడడానికి ఎగువ రైతు తన చేనిలో నీరు నిలపాలి. ఎకరా అంచు చెట్లకు వదలాలి. ఆయన అడుగుతాడు, "నా మినుము కుళ్లిపోతే ఎవరు ఇస్తారయ్యా?" అని. ఆ ప్రశ్న స్వార్థం కాదు, న్యాయం. పొరుగువానిని ప్రేమించమని ఎగువ పేదకు చెప్పి, ఖర్చు కూడా ఆయన మీదనే వేయడం బోధ కాదు, దోపిడీ. ఇంగ్లండు ప్రభుత్వం 2017లో ఇటువంటి పనులకు కోటిన్నర పౌండ్లు కేటాయించింది. నగరం మునగకుండా ఉన్నందుకు మిగిలిన డబ్బులో కొంత ఎగువ పొలానికి చేరడం ధర్మం. మన పంచాయతీలు, మున్సిపాలిటీలు ఈ మాట ఇంకా గట్టిగా ఎత్తలేదు.

మరొక సూత్రం కూడా ఉంది. 1931లో 11వ పయస్ జగద్గురువులు, కింది సముదాయం చేయగల పనిని పై అధికారం లాక్కోరాదని బోధించారు. పాంట్‌బ్రెన్ రైతుల విజయం అక్కడే ఉంది. కాని ఇది "ప్రభుత్వం చేతులు కడుక్కోవచ్చు" అన్న అర్థం కాదు. పరీవాహకం మొత్తం లెక్క కట్టడం, ఆక్రమణ తొలగించడం, తొలగించినవారికి మరోచోట గూడు చూపడం పదిమంది రైతుల వల్ల అయ్యే పని కాదు.

ఇంటి మాట కూడా అనుకోవాలి. మన దేవాలయ ఆవరణలు, పాఠశాల ఆవరణలు ఈ ముప్పై ఏళ్లలో సిమెంటు అయిపోయాయి. మాత గుహ చుట్టూ టైల్సు, చెట్టు మొదలు దాకా కాంక్రీటు. శుభ్రంగా ఉంటుంది, నిజమే. ఆ ఆవరణలో పడిన వాన చుక్క ఒక్కటీ లోపల ఇంకక వీధిలోకి, వీధి నుంచి పల్లంలోని పేటలోకి పోతుంది. కొంత మేర సిమెంటు పగలగొట్టి, ఇంకుడు గుంత తవ్వి, కానుగ చెట్లు పెడితే విచారణ నిధికి అంత భారం కాదు.

ఇక మీ యువజన సంఘానికి, మరియ దళానికి, ఉపదేశకులకు ఒక పని. వానలు మొదలయ్యే ముందు, మే చివరి వారంలో ఒక ఆదివారం, పూజ తరువాత మీ ఊరి చెరువు దగ్గరకు నడవండి. పెద్దవారిని ఒకరిద్దరిని వెంటబెట్టుకోండి, వారికే జ్ఞాపకం ఉంటుంది. నీరు ఏ వంకల నుంచి చెరువుకు వచ్చేదో, ఇప్పుడు వాటిలో ఎన్ని దున్నుడులో కలిసిపోయాయో చూడండి. అలుగు దగ్గర నిలబడండి. ఎత్తు పెంచడానికి ఎవరైనా దాని మీద రాళ్లు, ఇసుక బస్తాలు వేశారా? అక్కడి నుంచి అలుగు కాలువ వెంట కిందికి నడవండి, అది కింది చెరువుకో వాగుకో చేరేదాకా. ఎక్కడ ఆగిపోయిందో, ఎవరి గోడ దగ్గర ఆగిపోయిందో, ఆ గోడకు దిగువన ఎన్ని ఇండ్లు ఉన్నాయో ఒక కాగితం మీద గీసుకోండి. ఆ గోడ మనవారిదే అయినా గీయండి. వచ్చే గ్రామసభకు ఆ కాగితం తీసుకుని వెళ్లండి.